సొంత లూప్‌లు తయారుచేసుకోండి, టెంపో, శ్రుతి ఫైల్‌లోనే రాసిపెట్టండి

పోయినేడు మద్రాసులో మా సాలిగ్రామం గదికి పక్క వీధి మృదంగం మాష్టారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన గంటసేపు ఆది తాళంలో రకరకాల నడకలు వాయించి, కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ రాత్రే ఉత్సాహంగా ముక్కలు కోసి, ఫైల్‌లో టెంపో రాసే టిక్కు కూడా పెట్టి, నలభై లూప్‌లు, అంటే పాటలో తిప్పి తిప్పి వేసుకునే చిన్న ముక్కలు, సేవ్ చేశాను. నెల తర్వాత ఒక భక్తి పాటకి కావాల్సివచ్చి ఒకటి లాగి పడేస్తే మృదంగం నిద్రమత్తులో నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ వినిపించింది. విషయం ఏంటంటే, మాష్టారు వాయించింది నిమిషానికి 92 బీట్ల టెంపోలో, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నా ప్రాజెక్ట్ ఏమో తెరవగానే ఉండే 120లోనే ఉంది, నేను దాన్ని ముట్టుకోలేదు. ఫైల్ మీద 120 అని పడింది. ఇప్పుడు 92 పాటలో వేస్తే సాఫ్ట్‌వేర్ పాపం బుద్ధిగా 120ని 92కి దించింది, దాంతో అసలే 92 ఉన్న వాయింపు కాస్తా 70 దగ్గరికి పడిపోయింది. మాష్టారికి వినిపిస్తే "ఏం నాయనా, నాకు జ్వరం వచ్చిన రోజున రికార్డు చేశావా?" అన్నారు.

నలభైకి నలభై అంతే. అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఈ పని మొదలుపెట్టేముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి: లూప్‌ని ఎగుమతి చేసేటప్పుడు ఫైల్‌లో పడే టెంపో గానీ, కీ (అంటే శ్రుతి) గానీ సాఫ్ట్‌వేర్ మీ వాయింపు విని కనుక్కున్నవి కావు. ప్రాజెక్ట్‌లో ఏ అంకె ఉంటే అదే పడుతుంది. మీరు అబద్ధం చెబితే అది అబద్ధమే రాస్తుంది.

అసలు ఈ రాసిపెట్టడం అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు వేవ్ ఫైల్‌లో శబ్దం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. 1998లో సోనిక్ ఫౌండ్రీ వాళ్ల యాసిడ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక, ఫైల్‌లోనే ఒక చిన్న అర కట్టి అందులో టెంపో, ఎన్ని బీట్లు, తాళం గుర్తు (ఫోర్ బై ఫోర్ లాంటిది), మూల స్వరం దాచే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆ అర మొత్తం 24 బైట్లే. యాసిడైజ్డ్ వేవ్ అని ఇప్పటికీ అనేది దీన్నే. 2004లో ఆపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్‌తో పాటు ఆపిల్ లూప్స్ అనే వాళ్ల సొంత రకం జనంలోకి వచ్చాయి, వాటిలో ఇంకాస్త ఎక్కువ పడుతుంది, స్కేల్ మేజరా మైనరా, ఏ వాయిద్యం, ఏ మూడ్, ఇలాంటివి. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఒకటి గమనించండి, మీరు పెట్టుకున్న వార్ప్ గుర్తులు (దెబ్బల్ని టెంపోకి కలిపే గుర్తులు) ఆడియో ఫైల్‌లోకి వెళ్లవు, మీ ప్రాజెక్ట్‌లో ఉంటాయి, క్లిప్‌లో సేవ్ నొక్కితే పక్కన ఏఎస్‌డీ అనే ఇంకో ఫైల్‌లో చేరతాయి. వేవ్ ఒక్కటే ఎవరికైనా పంపితే ఆ గుర్తులు మీ దగ్గరే ఉండిపోతాయి.

రికార్డు కంటే ముందు లెక్క

టెంపో ముందే తేల్చుకోండి. ఒక బీట్‌కి ఎంతసేపు అంటే 60ని బీపీఎమ్‌తో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగించడమే. 96 అనుకోండి, బీట్‌కి 0.625 సెకను. ఆది తాళం రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) అంటే పదహారు అక్షరాలు, మన లెక్కలో పదహారు బీట్లు, ఫోర్ బై ఫోర్‌లో నాలుగు బార్లు, మొత్తం సరిగ్గా 10 సెకన్లు. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే 4,80,000 శాంపిళ్లు, ముక్క మిగలదు. అదే 92 అయితే 10.43 సెకన్ల చిల్లర వస్తుంది, శాంపిళ్లు కూడా పూర్తి అంకెలో రావు. దానివల్ల చెవికి తెలిసే నష్టం ఏమీ లేదు గానీ నాకైతే 80, 90, 96, 100, 120 లాంటి అంకెలంటే ఇష్టం, తర్వాత తేడా వచ్చినప్పుడు పొడవు చూడగానే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

ఇప్పుడు శ్రుతి. మద్రాసులో వాయిద్యకారులతో మాట్లాడితే ఎవరూ సి షార్ప్ అనరు. తమిళంలో కట్టై అంటారు, మనవాళ్లు ఒకటిన్నర శ్రుతి అంటారు. సాఫ్ట్‌వేర్‌కి ఆ భాష రాదు కాబట్టి అనువాదం మీరే చేయాలి: ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఈ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఏ, ఆరున్నర ఏ షార్ప్, ఏడు బి. మూడున్నర లేదేంటి అంటారేమో, హార్మోనియం మీద ఈకీ ఎఫ్‌కీ మధ్య నల్ల మెట్టు లేదు కదా, అందుకే.

మృదంగం తాళవాద్యమే కదా, దానికి కీ ఎందుకు అని నేనూ మొదట్లో ఖాళీగా వదిలేశాను. తప్పు. కుడి వైపు మూత షడ్జానికి కలిపి ఉంటుంది, అది నిలబడి మోగుతుంది కూడా. ఒకటిన్నరలో కలిపిన మృదంగాన్ని డి పాట కింద వేస్తే పాట ఒక దారి, మృదంగం ఒక దారి. కాబట్టి కీ రాయాల్సిందే. డప్పు, పఱై, చప్పట్లు, గజ్జెలు, వీటికి అక్కర్లేదు.

ఇంకో గొడవ ఉంది, మన ఊరి గాలి. సముద్రం పక్కన ఉక్కపోతలో తోలు ఊరుకోదు, ఏసీ గదిలోకి తెచ్చిన అరగంటకి శ్రుతి ఎటో కదులుతుంది. రికార్డుకి ముందు ఒకసారి, ప్రతి నాలుగైదు టేకులకి ఒకసారి ట్యూనర్‌లో చూసుకోండి, కదిలితే మాష్టారు రాయి తీసుకుని సరిచేసేదాకా ఆగండి. తొందరపెట్టకండి. అలాగే డిసెంబరులో పిలవకండి, సభల సీజన్‌లో వాళ్లకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు.

రికార్డింగ్

ప్రాజెక్ట్ తెరిచి, ముందు టెంపో మార్చండి, తర్వాత కీ మార్చండి, తర్వాత తాళం గుర్తు, ఆ తర్వాతే మైకు ఆన్ చేయండి. గ్యారేజ్‌బ్యాండ్ కొత్త ప్రాజెక్ట్ 120, సి మేజర్‌తో మొదలవుతుంది, రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా 120తోనే. నా నలభై లూప్‌ల కథ ఇక్కడే మొదలైంది.

24 బిట్ పెట్టుకోండి, గట్టి దెబ్బ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఫ్యాన్ ఆపండి. కాకుల్ని ఆపలేం, మెట్రో వాటర్ లారీని అసలే ఆపలేం, అందుకే ఒక్కో నడకని కనీసం నాలుగు సార్లు ఆగకుండా వాయించమనండి, ఏదో ఒకటి శుభ్రంగా దొరుకుతుంది.

క్లిక్, అంటే టెంపో చెప్పే మెట్రోనోమ్ చప్పుడు, దాని విషయంలో చిన్న చిట్కా. కచేరీ వాళ్లలో చాలామందికి చెవిలో టిక్ టిక్ అంటే చిరాకు, వాయింపు బిగుసుకుపోతుంది. నేను ఏం చేస్తానంటే, ముందు మాష్టారి చేతే క్లిక్‌తో పాటు "తకధిమి తకజొణు" అని ఒక ఆవర్తనం నోటితో చెప్పించి రికార్డు చేస్తాను, దాన్ని గ్రిడ్‌కి, అంటే తెర మీద బీట్లు చూపించే గీతలకి, సరిగ్గా సర్ది, తిప్పి తిప్పి ఆయన హెడ్‌ఫోన్‌లో వేస్తాను. తన గొంతుకి తను వాయించడం ఎవరికైనా తేలికే. హెడ్‌ఫోన్ మాత్రం చెవిని పూర్తిగా మూసేది ఉండాలి, లేకపోతే ఆ గొంతు మైకులోకి కారుతుంది.

కోయడం, ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి

నాలుగు సార్లు వాయించారు కదా, మొదటిది తీసుకోకండి. రెండోదో మూడోదో తీసుకోండి. ఎందుకంటే మొదటి ఆవర్తనం నిశ్శబ్దంలోంచి పుడుతుంది, దాని ముందు ఏ మోతా లేదు. రెండోదాని మొదట్లో మాత్రం అంతకుముందు పడిన ఆఖరి ధిం తాలూకు మోత ఇంకా గాల్లో ఉంటుంది. లూప్ తిరిగి మొదటికి వచ్చినప్పుడు చెవి వెతికేది ఆ మోతనే. అది లేకపోతే ప్రతి తిరుగుడికీ గదిలో లైటు ఆర్పి వేసినట్టు ఉంటుంది. రివర్బ్ (గది మోతలా వినిపించే ఎఫెక్ట్) వేసినా ఇదే సూత్రం, రివర్బ్‌తో సహా రెండు సార్లు తిప్పి, రెండో తిరుగుడిని కోయండి.

కోసేది గ్రిడ్ మీద కోయాలి, తరంగం మీద కాదు. అయితే ఒకసారి జూమ్ చేసి మొదటి దెబ్బ ఎక్కడుందో చూడండి. మాష్టారు ఆరేడు మిల్లీసెకన్లు ముందే కొట్టి ఉంటే గ్రిడ్ మీద కోసినప్పుడు దెబ్బ తల తెగిపోతుంది, "తా" కాస్తా "ఆ" అయిపోతుంది. అలాంటప్పుడు మొత్తం ముక్కని పక్కకి జరిపి, దెబ్బ మొదలు గ్రిడ్ గీత మీద కూర్చునేలా పెట్టి అప్పుడు కోయండి. చివర్లో రెండు మూడు మిల్లీసెకన్ల ఫేడ్ చాలు, టప్ మనే చప్పుడు పోతుంది. మొదట్లో మాత్రం ఫేడ్ వద్దు.

లోపలి దెబ్బల్ని గ్రిడ్‌కి ఎంత లాగాలి అంటే, నా మటుకు నేను సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు) మీద పడేవి తప్ప మిగతావి ముట్టుకోను. అన్నీ గీత మీద కూర్చోబెడితే అది డ్రమ్ మిషన్, దానికి మాష్టారు ఎందుకు, కాఫీ ఎందుకు.

మిశ్ర చాపు చేసేవాళ్లు ఇక్కడ తప్పకుండా తట్టుకుంటారు, నేనూ తట్టుకున్నాను. సెవెన్ బై ఎయిట్‌లో ఒక ఆవర్తనం అంటే ఏడు ఎనిమిదో వంతులు, కానీ సాఫ్ట్‌వేర్ బీపీఎమ్‌ని లెక్కపెట్టేది నాలుగో వంతుల్లో, అంటే ఒక ఆవర్తనం మూడున్నర బీట్లు. ఫైల్‌లో బీట్ల సంఖ్య పూర్తి అంకె ఉండాలి, అర బీట్ రాయడానికి చోటు లేదు. ఆపిల్ వైపు అయితే ఇంకా మొండి, ముక్క పొడవు పూర్తి బీట్లలో లేకపోతే లూప్ అని సేవ్ చేయనివ్వదు. పరిష్కారం తేలిక, ఎప్పుడూ రెండు ఆవర్తనాలు కలిపి కోయండి, ఏడు బీట్లు వస్తాయి. ఖండ చాపుకీ అంతే, రెండు కలిపితే ఐదు.

రాసిపెట్టడం

మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి. రివర్బ్ లూప్‌లో భాగంగా ఉండాలనుకుంటే ముందే దాన్ని ఆడియోలో కలిపి కొత్త ముక్క చేసుకోండి, ట్రాక్ మీద వదిలేసి అదే వస్తుందిలే అనుకోకండి. తర్వాత కోసిన రీజియన్‌ని పట్టుకుని లూప్ బ్రౌజర్ మీదకి లాగి వదలండి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. పేరు, రకం, స్కేల్, జానర్, వాయిద్యం, కింద మూడ్ బటన్లు. రకంలో లూప్, వన్ షాట్ అని రెండుంటాయి. లూప్ అంటే ప్రాజెక్ట్ టెంపోకీ కీకీ తగ్గట్టు మారుతుంది, వన్ షాట్ అంటే ఎక్కడ వేసినా ఉన్నది ఉన్నట్టే మోగుతుంది. అరుది (ముగింపు) ముక్కలు, ఒంటి దెబ్బలు వన్ షాట్‌గా పెట్టండి.

స్కేల్ దగ్గర మన సంగీతానికి కొంచెం చిక్కు. మేజర్, మైనర్, నైదర్, గుడ్ ఫర్ బోత్, ఈ నాలుగే గదులు. శంకరాభరణం, మోహనం పేచీ లేకుండా మేజర్. నఠభైరవి, కీరవాణి, శుద్ధ ధన్యాసి మైనర్. మాయామాళవగౌళ తీసుకోండి, గాంధారం చూస్తే మేజర్ అనిపిస్తుంది, కానీ రిషభం, ధైవతం శుద్ధం, మేజర్ అని రాసిపెడితే రేపు ఎవరో మామూలు మేజర్ కార్డుల మీద వేసుకుని మిమ్మల్ని తిట్టుకుంటారు. దాన్ని నైదర్‌లో పెట్టి రాగం పేరు ఫైల్ పేరులో రాయండి. మృదంగం, ఘటం లాంటివి గుడ్ ఫర్ బోత్. తంబురా కూడా షడ్జ పంచమాలే కాబట్టి అదే గది అనుకుంటాం గానీ, మంచి తంబురాలో మీటకుండానే అంతర గాంధారం పలుకుతుంది, స్వయంభూ గాంధారం అంటారే, అదే. మెల్లటి మైనర్ పాట కింద వేసినప్పుడు అది చెవిలో గుచ్చుకుంటే ఆశ్చర్యపోకండి.

కీబోర్డుతో నొక్కిన మిడీ ముక్కల్ని (శబ్దం కాకుండా ఏ స్వరం ఎప్పుడు నొక్కారో మాత్రమే ఉండేవి) కూడా ఇలాగే లైబ్రరీలో చేర్చొచ్చు, అవి ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి, ఆడియోవి నీలం. వీలైతే బేస్, ప్యాడ్ లాంటివి ఆకుపచ్చగానే ఉంచండి, టెంపో ఎంత మార్చినా సాగిన వాసన రాదు.

మీరు చేసినవి యూజర్ లూప్స్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. అది మీ హోమ్ ఫోల్డర్‌లోని లైబ్రరీ, ఆడియో, ఆపిల్ లూప్స్ దారిలో ఉంటుంది. లైబ్రరీ మామూలుగా కనిపించదు, ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ కీ నొక్కితే బయటపడుతుంది. స్నేహితులకి పంపాలంటే అక్కడి ఫైలే కాపీ చేసి పంపండి.

విండోస్ వాళ్లకి రీపర్ చెప్తాను, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. కోయాల్సినంత మేర టైమ్ సెలెక్షన్ చేసి, రెండర్ (ఎగుమతి పెట్టె) తెరిచి, బౌండ్స్ దగ్గర టైమ్ సెలెక్షన్, ఫార్మాట్ వేవ్, 24 బిట్, కింద టెంపో ఎంబెడ్ చేసే టిక్కు పెట్టండి. టెయిల్ టిక్కు తీసేయండి, లేకపోతే వెనకాల తోక అంటుకుని బీట్ల లెక్క చెడుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే వేవ్ ఎగుమతి పెట్టెలో సేవ్ యాసిడైజ్డ్ అని ఉంటుంది, దాంతో పాటు టెయిల్ దగ్గర ర్యాప్ రిమెయిండర్ ఎంచుకోండి. మిగిలిపోయిన మోతని కోసేయకుండా తెచ్చి మొదట్లో కలుపుతుంది, పైన నేను రెండో ఆవర్తనంతో చేసిన పని ఇది ఒక్క టిక్కుతో చేస్తుంది.

వేవ్ అరలో మూల స్వరానికి చోటుంది గానీ మేజరా మైనరా అనేదానికి లేదు. అందుకని నేను ఎప్పుడూ పేరులో కూడా రాస్తాను: వాయిద్యం, తాళం, మూడంకెల్లో టెంపో, కీ, రాగం ఉంటే రాగం. మృదంగం, ఆది, 096, సి షార్ప్, ఇలా గీతలతో కలిపి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, తెలుగులో పెడితే కొన్ని ప్లగిన్‌లు డబ్బాలు డబ్బాలుగా చూపిస్తాయి. ఎంపీత్రీ చేయకండి. కంప్రెస్ చేసేటప్పుడు ముందూ వెనకా కాస్త ఖాళీ చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ ఎక్కిళ్లు పడతాయి.

పరీక్ష

చేసిన ప్రాజెక్ట్‌లోనే వింటే అన్నీ బాగానే ఉంటాయి, అది పరీక్ష కాదు. కొత్త ప్రాజెక్ట్ తెరిచి, టెంపో 96కి బదులు 110 పెట్టి, కీ రెండు మెట్లు పైకి పెట్టి, మెట్రోనోమ్ ఆన్ చేసి లూప్‌ని వేసి నాలుగైదు తిరుగుళ్లు వినండి. దెబ్బలు క్లిక్ మీద పడుతున్నాయా, తంబురా యాప్ కొత్త శ్రుతిలో పెడితే కలుస్తోందా. సగం వేగంలోనో రెట్టింపు వేగంలోనో మోగితే బీట్ల సంఖ్య తప్పు పడిందన్నమాట. నా చెవికి మృదంగం టెంపోలో పది పన్నెండు శాతం, శ్రుతిలో రెండు మెట్లు దాకా ఓర్చుకుంటుంది, ఆ పైన తోలు కాస్తా ప్లాస్టిక్ డబ్బా అవుతుంది. గమకాలున్న వీణ ముక్క అయితే అంత కూడా లాగకండి, వేరే శ్రుతిలో ఇంకోసారి వాయించుకోవడమే.

వేవ్ లోపల నిజంగా ఏం పడిందో కళ్లతో చూడాలంటే ఎక్సిఫ్‌టూల్ అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఫొటోల వివరాలు చూడ్డానికి వాడేదే. ఫైల్ దానికి ఇస్తే టెంపో, బీట్లు, మీటర్, రూట్ నోట్ వరసగా చూపిస్తుంది. నా పాత నలభై ఫైళ్లలో ప్రతిదాని మీదా టెంపో 120 అని కనిపించినప్పుడు ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏడుపు.

మీ దగ్గరా అలాంటివి ఉంటే పారేయకండి. ఎన్ని బీట్లున్నాయో చేత్తో తాళం వేసి లెక్కపెట్టండి, దాన్ని 60తో గుణించి, ఫైల్ పొడవు సెకన్లతో భాగించండి. పదహారు బీట్లు, 10.43 సెకన్లు అంటే 92. ఆ టెంపోతో కొత్త ప్రాజెక్ట్ తెరిచి, దిగుమతి చేసేటప్పుడు టెంపోకి సాగదీసే ఆప్షన్ ముందు ఆపేసి, ఫైల్‌ని మొదటి బార్ మీద పెట్టి, మళ్లీ రెండర్ చేయండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. నావి ఇరవై తొమ్మిది అయ్యాయి, మిగతా పదకొండూ మాష్టారు వినకముందే పూర్తిచేయాలి.